జ్వరంలో గుండె దడ: ఎప్పుడు ఊరుకోవచ్చు, ఎప్పుడు పరుగెత్తాలి

(ఆరోగ్య అవగాహన సభలో ఒక ఫిజీషియన్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. మాటలు మొదలుపెట్టే ముందు ఒక పని చేద్దాం. కుడిచేతి మూడు వేళ్లు ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు పెట్టండి. బొటనవేలితో చూడకండి, దానికీ సొంత నాడి ఉంటుంది, అది మనల్ని మోసం చేస్తుంది. గట్టిగా నొక్కకండి, నొక్కితే అసలు అందదు. దొరికిందా? వెనక వరసలో కొందరికి దొరకలేదనుకుంటాను. కంగారు పడకండి, బతికే ఉన్నారు. వేళ్లు కాస్త పక్కకి జరపండి.

ఇప్పుడు నేను గడియారం చూస్తాను, మీరు 30 సెకన్లు లెక్కపెట్టండి. అయిందా? వచ్చినదాన్ని రెండుతో గుణించండి. ఎవరికైనా నాడి ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా తగులుతుంటే, అలాంటివాళ్లు పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. 70 దగ్గర వచ్చినవాళ్లు ఎవరు? చాలామందే ఉన్నారు. వంద దాటినవాళ్లు? మీరా అమ్మా? మెట్లెక్కి ఇప్పుడే వచ్చారు కదా, ఓ ఐదు నిమిషాలు పోయాక మళ్లీ చూసుకోండి.

ఇదంతా ఎందుకు చేయించాను? రాత్రి పదకొండు గంటలకి నాకు ఫోన్ వస్తుంది. "డాక్టరుగారూ, జ్వరం, పల్స్ 110 ఉంది, ప్రమాదమా?" నేను అడిగే మొదటి ప్రశ్న: బాగున్న రోజుల్లో ఎంత ఉంటుంది? అవతల నిశ్శబ్దం. చాలామందికి తెలియదు. పెద్దవాళ్లలో ఊరికే కూర్చున్నప్పుడు 60 నుంచి 100 దాకా మామూలు అంటాం. రోజూ పరుగెత్తే మనిషికి 50 ఉండచ్చు. ఆయనకి 110 అంటే రెట్టింపు దాటినట్టు. ఎప్పుడూ 90 ఉండేవాళ్లకి అదే 110 పెద్ద విశేషం కాదు. గర్భిణులకి మామూలుగానే 10, 20 ఎక్కువ ఉంటుంది. అందుకని బాగున్నప్పటి అంకె రాసిపెట్టుకోండి. ఇప్పుడు లెక్కపెట్టారుగా, ఫోన్లో రాసుకోండి, నేను ఆగుతాను.

ఈ లెక్కపెట్టడం కూడా మరీ పాత అలవాటేం కాదు. నాడి పట్టుకుని రోగం చెప్పడం వేల ఏళ్ల నాటిది, కానీ గడియారం పెట్టి నిమిషానికి ఇన్ని అని లెక్కించడం 1700ల మొదట్లో వచ్చింది. జాన్ ఫ్లాయర్ అని ఒక ఇంగ్లిష్ వైద్యుడు నాడి కోసమే ఒక గడియారం చేయించుకుని, 1707లో దాని మీద పుస్తకం వేశాడు. అప్పట్లో గడియారాలకి సెకన్ల ముల్లు ఉండటమే అరుదు. ఇప్పుడు మన చేతులకి ఉన్న వాచీలు నిద్రలో కూడా లెక్కపెడుతున్నాయి. దాంతో కొత్త జబ్బొకటి వచ్చింది, దాని సంగతి చివర్లో చెప్తాను.

సరే, అసలు జ్వరం వస్తే గుండె ఎందుకు వేగంగా కొట్టుకుంటుంది? గుండె పై గదుల్లో కుడివైపు దానిలో చిన్న కణాల ముద్ద ఉంటుంది, దాన్ని ఎస్.ఎ. నోడ్ అంటాం. తాళం వేసేది అదే. ఒళ్లు వేడెక్కితే ఆ కణాలు కూడా వేడెక్కి, తాళం త్వరగా వేస్తాయి. రెండోది, జ్వరంలో ఒంటికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. మూడోది, జబ్బు చేసినప్పుడు అడ్రినలిన్ లాంటివి రక్తంలో పెరుగుతాయి. ఈ మూడూ కలిసి గుండెని తొందరపెడతాయి. అంటే గుండె తన పని తను చేస్తోంది. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దడ రాగానే "గుండెకేదో అయింది" అనుకుంటారు. తొంభై పాళ్లు గుండెకేమీ కాదు. గుండెకి పని పెరిగింది, అంతే.

ఎంత పెరగాలి? దీనికి ఒక అంచనా ఉంది. 19వ శతాబ్దంలో లీబర్‌మైస్టర్ అనే జర్మన్ వైద్యుడు చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుతున్నాం: ఒంటి వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే నాడి నిమిషానికి ఎనిమిది, పది పెరుగుతుంది. మన ఇళ్లలో థర్మామీటర్లు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి కాబట్టి అలాగే చెప్తాను. 102 జ్వరం అంటే మామూలు కంటే దాదాపు రెండు సెల్సియస్ డిగ్రీలు ఎక్కువ. కాబట్టి నాడి ఓ 20 పెరగచ్చు. 104 అంటే ఓ 30. బాగున్నప్పుడు 78 ఉండేవాళ్లకి 102 జ్వరంలో 98 వస్తే, లెక్క సరిపోయింది. అదే మనిషికి 102లో 140 ఉందనుకోండి? లెక్క తప్పింది. ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో ఏమిటన్నదే మన ప్రశ్న.

కాబట్టి నా దగ్గర చెప్పడానికి పెద్ద మాట ఏదైనా ఉంటే ఇదే: జ్వరం దిగితే నాడి దిగాలి. మళ్లీ చెప్తున్నాను. జ్వరం దిగితే నాడి దిగాలి. పారాసెటమాల్ వేసుకున్నారు, గంట, గంటన్నర అయింది, చెమట పట్టింది, ఒళ్లు చల్లబడింది. అప్పుడు కాసేపు కదలకుండా పడుకుని లెక్కపెట్టండి. దిగిందా, నిశ్చింతగా నిద్రపోండి. దిగలేదా, అప్పుడు కారణం వెతకాలి. చలితో పళ్లు టకటక కొట్టుకుంటున్నప్పుడు మాత్రం లెక్కపెట్టకండి. ఆ వణుకులో జ్వరం ఇంకా ఎక్కుతూ ఉంటుంది, కండరాలన్నీ పనిచేస్తుంటాయి, అప్పుడు వచ్చే అంకెతో మీకు భయం తప్ప లాభం లేదు.

దిగకపోవడానికి అన్నిటికంటే ఎక్కువ కనిపించే కారణం ఒంట్లో నీళ్లు తగ్గడం. గుండె ఒక్కో కొట్టుకీ సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి నెడుతుంది. నిమిషానికి అటూ ఇటూగా ఐదు లీటర్లు. ఇప్పుడు ఇంట్లో తొట్టి నింపాలనుకోండి. బిందె చిన్నదైతే ఏం చేస్తారు? ఎక్కువసార్లు తిరుగుతారు. వాంతులు, విరోచనాలు, చెమట, ఏమీ తినకపోవడం, తాగకపోవడం, వీటితో రక్తనాళాల్లో నీటి పాలు తగ్గి, కొట్టు కొట్టుకీ వెళ్లే రక్తం తగ్గుతుంది. అందుకని గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. దీన్ని గుర్తించడం తేలిక. నోరు ఎండిపోతుంది, మూత్రం ముదురు పసుపు రంగులో కొంచెం కొంచెం వస్తుంది, పడుకున్నప్పుడు బాగానే ఉండి లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డ రెండు నిమిషాలకి ఒకసారి నాడి చూడండి. పక్కన ఒక మనిషిని పెట్టుకునే చేయండి, కళ్లు తిరిగి పడతారు. 30 కంటే ఎక్కువ పెరిగిందంటే నీళ్లు బాగా తగ్గాయని అనుమానించాలి.

మందు మీకు తెలిసిందే, ఓఆర్ఎస్. కానీ దాన్ని కలిపే తీరు చూస్తే నాకు బాధేస్తుంది. ఒక గ్లాసులో ప్యాకెట్ అంతా వేసేస్తారు. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే బలం అనుకోవద్దు. ఉప్పు, చక్కెర ఎక్కువైతే పేగు నీటిని పీల్చుకోకుండా ఇంకా బయటికి లాగుతుంది, విరోచనాలు పెరుగుతాయి. వాంతులవుతుంటే చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టర్ని అడిగి తాగాలి. వాళ్లకి ఎక్కువ నీళ్లూ ప్రమాదమే.

ఇక్కడ ఒక జ్వరం గురించి విడిగా చెప్పాలి. డెంగీ. ఇప్పటిదాకా నేనేమన్నాను? జ్వరం దిగితే నాడి దిగాలి. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగాకే మొదలవుతుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు ఎప్పుడో జ్వరం తగ్గుతుంది. ఇంట్లో వాళ్లు "హమ్మయ్య" అనుకుంటారు. సరిగ్గా అప్పుడే రక్తనాళాల గోడల్లోంచి రక్తంలోని నీరు బయటికి కారడం మొదలవ్వచ్చు. అందరికీ కారదు, కొందరికే. కారినవాళ్లకి ఆ 24 నుంచి 48 గంటలే గండం. ఒంటి వేడి మామూలుగా ఉంటుంది, నాడి 120 ఉంటుంది, సన్నగా దారంలా తగులుతుంది, చేతులు చల్లగా ఉంటాయి. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, పిచ్చి నీరసం, ఇవి తోడైతే ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచకండి. బీపీ చూసే మిషన్ ఉంటే పై అంకెకీ కింది అంకెకీ తేడా చూడండి. ఆ తేడా 20 అయినా, అంతకంటే తక్కువైనా అది షాక్ గుర్తు, అంటే అవయవాలకి సరిపడా రక్తం అందడం లేదని. 100 మీద 85 అని వస్తే "వంద ఉందిలే" అనుకుని వదిలేస్తారు, తేడా 15 అని చూడరు. ప్లేట్‌లెట్ల అంకె కోసం గంటగంటకీ ఫోన్లు చేస్తారు కానీ, చెయ్యి పట్టుకుని నాడి చూసేవాళ్లు తక్కువ. నా మటుకు నాకు డెంగీలో నాడి, మూత్రం, చేతుల చల్లదనం, ఈ మూడే ముందు చూడాలనిపిస్తుంది. అన్నట్టు, డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వేసుకోకండి.

రెండో పెద్ద భయం సెప్సిస్. ఎక్కడో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లోనో, మూత్రంలోనో, కాలి పుండులోనో. దాన్ని ఎదుర్కొనే ప్రయత్నం అదుపు తప్పి ఒంట్లోని అవయవాలనే దెబ్బతీస్తుంది. ఇందులో నాడి పరుగెత్తడం మొదటి గుర్తుల్లో ఒకటి. కానీ ఒక్కటే రాదు, తోడు తెచ్చుకుంటుంది. ఊపిరి వేగం పెరుగుతుంది. మనిషి తికమకగా మాట్లాడతాడు, పేర్లు మర్చిపోతాడు, మగతగా ఉంటాడు. మూత్రం తగ్గుతుంది. బీపీ పడిపోతుంది. బ్రిటన్ ఆస్పత్రుల్లో దీనికో మార్కుల పద్ధతి ఉంది. నాడి 91 నుంచి 110 అయితే ఒక మార్కు, 111 నుంచి 130 అయితే రెండు, 130 దాటితే మూడు. ఎక్కువ మార్కులు వస్తే పాస్ కాదండోయ్, ఇక్కడ ఎక్కువ వస్తే ప్రమాదం. కానీ వాళ్లు కూడా నాడి ఒక్కటే చూడరు. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, ఒంటి వేడి, తెలివి, అన్నిటికీ మార్కులు వేసి కలుపుతారు. ఇంట్లో మీరూ అలాగే చూడాలి. పెద్దవాళ్లు పడుకుని ఉన్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తోందో నిమిషం పాటు లెక్కపెట్టండి. 12 నుంచి 20 మామూలు. 25 వచ్చిందంటే తెల్లారేదాకా ఆగే వ్యవహారం కాదు.

మరి నాడి మామూలుగా ఉంటే నిశ్చింతేనా? ఎవరో తల అడ్డంగా ఊపుతున్నారు, కరెక్ట్. బీపీకి, గుండెకి వాడే బిళ్లల్లో బీటా బ్లాకర్లని ఉంటాయి. అటెనొలాల్, మెటొప్రొలాల్, ప్రొప్రానొలాల్, చివర "ఒలాల్" అని వస్తుంది. ఇవి గుండె వేగాన్ని తగ్గించే మందులు. ఇవి వాడేవాళ్లకి ఒంట్లో నిప్పు అంటుకున్నా నాడి 85 దాటకపోవచ్చు. ఏళ్ల తరబడి షుగర్ ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్ల నాడి కూడా పరిస్థితికి తగినట్టు పెరగదు. వీళ్ల విషయంలో అంకెని నమ్మకండి, మనిషిని చూడండి. అలాగని ఆ బిళ్లలు మీ అంతట మీరు ఆపేయకండి. ఉన్నట్టుండి ఆపితే దాచిపెట్టిన దడంతా ఒక్కసారి వస్తుంది. వాంతులతో రెండు రోజులు బిళ్ల లోపల నిలవకపోయినా డాక్టర్‌కి చెప్పాలి. టైఫాయిడ్‌లో కూడా అంతే, 103 జ్వరంలో నాడి 80, 85 ఉండచ్చు. నాడి నిదానంగా ఉందని జ్వరం చిన్నదనుకోవద్దు.

పిల్లల సంగతికి వద్దాం. చంటిబిడ్డ నాడి చూసి తల్లులు హడలిపోతారు. ఏడాదిలోపు బిడ్డకి నిమిషానికి 100 నుంచి 160 దాకా మామూలే. ఏడుస్తుంటే ఇంకా పెరుగుతుంది. పెద్దవాళ్ల అంకెలు పిల్లలకి పెట్టకండి. కానీ చంటిబిడ్డ నిశ్శబ్దంగా పడుకుని ఉన్నా 220 దాటి ఉందంటే, ఏడాది దాటిన పిల్లల్లో 180 దాటి దిగకుండా ఉందంటే, అది ఒట్టి జ్వరం దడ కాకపోవచ్చు, గుండె తాళంలోనే తేడా ఉండచ్చు. పిల్లల్లో ఇంకో చిక్కు ఉంది. వాళ్ల గుండె వేగం పెంచుకుంటూ బీపీని చివరిదాకా నిలబెడుతుంది. బీపీ పడిందంటే చాలా ఆలస్యమైనట్టు. అందుకని బీపీ కోసం చూడకండి. బిడ్డ ఆడుతోందా, పాలు తాగుతోందా, చూపు నిలుపుతోందా? డొక్కలు ఎగరేస్తోందా? మడిమలు చల్లగా ఉన్నాయా? ఛాతీ మీద వేలితో ఐదు సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు, మూడు సెకన్లలో మళ్లీ రంగు తిరగాలి. ఆరేడు గంటలుగా మూత్రం పోయలేదంటే కూడా వెళ్లాలి. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 జ్వరం వచ్చిందంటే నాడి ఎంతున్నా సరే, డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఇక గుండె తాళమే తప్పే రకం దడ. ఎలా తెలుస్తుంది? జ్వరం దడ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఈ దడ స్విచ్ వేసినట్టు మొదలవుతుంది, స్విచ్ తీసినట్టు ఆగుతుంది. కూర్చుని ఉంటారు, ఉన్నట్టుండి 180. పడుకున్నా 180, లేచినా 180, నీళ్లు తాగినా 180, ఏం చేసినా మారదు. దాన్ని ఎస్‌వీటీ అంటాం. ఇంకోటి, నాడికి ఏ వరసా లేకుండా ఇష్టమొచ్చినట్టు కొట్టుకోవడం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పెద్ద వయసువాళ్లలో న్యుమోనియా లాంటిది వచ్చినప్పుడు ఇది మొదటిసారి బయటపడుతుంది. దీనిలో గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, దడ తగ్గిపోయినా చూపించుకోవాలి. రెండిటికీ ఈసీజీ కావాలి, అదీ దడ ఉన్నప్పుడు తీసింది. తగ్గాక తీస్తే మామూలుగా రావచ్చు. మెడ మీద నరం నొక్కితే ఆగుతుందని ఎక్కడో చదివి నొక్కేస్తుంటారు. వద్దు. పెద్దవాళ్లలో ఆ రక్తనాళంలో కొవ్వు పేరుకుని ఉండచ్చు, అది ఊడి మెదడుకి పోవచ్చు.

రెండు ముక్కలు త్వరగా చెప్పేస్తాను. వైరల్ జ్వరం తర్వాత ఛాతీలో నొప్పి, పడుకుంటే ఆయాసం, జ్వరానికి మించిన దడ ఉంటే గుండె కండరానికి వాపు వచ్చిందేమో చూడాలి, దాన్ని మయోకార్డైటిస్ అంటారు. చాలా రోజులు మంచం మీదే ఉన్నవాళ్లకి హఠాత్తుగా ఆయాసం, దడ వచ్చి, ఒక పిక్క వాచి నొప్పిగా ఉంటే, కాల్లో కట్టిన గడ్డ ఊపిరితిత్తికి చేరిందేమోనని భయపడాలి. ఈ రెండూ అరుదు, కానీ రెండిట్లోనూ వెంటనే వెళ్లినవాళ్లే బాగుపడతారు.

మందుల వల్ల వచ్చే దడ కూడా ఉంది. ఆయాసానికి నెబ్యులైజర్‌లో పెట్టే సాల్బుటమాల్, ముక్కు దిబ్బడకి ఇచ్చే కొన్ని జలుబు బిళ్లలు, వాటిపైన నాలుగు కప్పుల కాఫీ. నెబ్యులైజర్ పెట్టిన అరగంటలో పల్స్ 120 ఉందని భయపడితే, అది మందు పని. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఎక్కువున్నా దడ ఉంటుంది. థైరాయిడ్ దడకి ఒక గుర్తు, గాఢనిద్రలో కూడా నాడి దిగదు.

ఎవరో చీటీ పంపారు: "టెన్షన్ వల్ల కూడా వస్తుంది కదా?" వస్తుంది. తప్పకుండా వస్తుంది. నేను చివర్లో చెప్తానన్న కొత్త జబ్బు ఇదే. వేలికి ఆక్సీమీటర్ తగిలించుకుని ఐదు నిమిషాలకోసారి చూడటం. పల్స్ 98 చూసి భయపడతారు, భయానికి 108 అవుతుంది, అది చూసి 118. జ్వరం ఉన్న మనిషికి పూటకి రెండుసార్లు చూస్తే చాలు, బాగా నలతగా ఉంటే నాలుగు గంటలకోసారి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా ఆ మిషన్ తప్పు చూపిస్తుంది. నాడికి వరస లేకపోతే వాచీ కూడా తక్కువ లెక్కపెడుతుంది. అనుమానం వస్తే వేళ్లతో చూడండి. అయితే ఒక మాట. టెన్షన్ అన్నది మిగతావన్నీ లేవని తేలాక అనాల్సిన మాట. జ్వరంతో ఆయాసపడుతున్న ఆడమనిషిని "ఊరికే టెన్షన్ పడుతోంది" అని ఇంట్లో పడుకోబెట్టేస్తారు. ఇది ఎక్కువ ఆడవాళ్లకే జరుగుతుంది, నేను చూస్తూనే ఉన్నాను.

ఇంకో ప్రశ్న. "జ్వరం తగ్గి పది రోజులైంది, నాలుగడుగులు వేస్తే దడ." ఇది చాలామందికి ఉంటుంది. మంచం మీద ఉంటే ఒంటికి అలవాటు తప్పుతుంది, నీళ్లూ తిండీ తగ్గి ఉంటాయి. వారం వారం తగ్గుతూ ఉంటే ఫరవాలేదు. కోవిడ్ తర్వాత కొందరిలో నిలబడితే చాలు, పది నిమిషాల్లో నాడి 30కి పైగా పెరిగి, బీపీ పడకుండానే తల తేలిపోవడం కనిపించింది. నెలల తరబడి అలా ఉంటే చూపించుకోవాలి. వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలి అని కూడా రాశారు. జ్వరంలో అసలు వద్దు. జ్వరం పూర్తిగా పోయాక నడకతో మొదలుపెట్టండి. గుండె కండరానికి వాపు వచ్చిందని తేలినవాళ్లు మాత్రం మూడు నుంచి ఆరు నెలలు పరుగులు, బరువులు జోలికి పోకూడదు, డాక్టర్ పరీక్షలు చేసి సరే అనేదాకా.

ఆఖరి చీటీ. "ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?" మంచి ప్రశ్న. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఊపిరి ఆడకపోయినా, పెదాలు నీలంగా మారినా ఏమీ వెతక్కండి, అంబులెన్స్ పిలిచి వెళ్లిపోండి. మీరు బండి నడపకండి. అంత తొందర లేకపోతే ఒక కాగితం మీద ఎన్నింటికి జ్వరం ఎంత, నాడి ఎంత, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు వచ్చింది, ఏ బిళ్ల ఎప్పుడు వేశారు, ఇంతే రాయండి. బాగున్నప్పటి నాడి కూడా రాయండి, ఇందాక ఫోన్లో రాసుకున్నారుగా. వాడే మందుల అట్టలన్నీ సంచిలో వేసుకురండి. "తెల్ల బిళ్ల, చిన్నది, పొద్దున వేసుకుంటాను" అంటే నాకేం తెలియదు, బిళ్లలన్నీ తెల్లగానే ఉంటాయి.